బాపు వేసిన నా అడుగులు

ఆ సీజన్‌లో నా అడుగులు మా బాపు వేశాడు. మాటవరసకు చెప్పడం లేదు. నిజంగానే వేశాడు, రోజుకు ఇరవై రెండు వేల చొప్పున.

సూరత్‌లో సీజన్ అంటే ఎండాకాలమో వానాకాలమో కాదు. రాఖీ పున్నమి దాటాక మొదలై దీపావళికి ముగిసే చీరల గిరాకీ. ఆ రెండున్నర నెలలూ మేముండే గోడాదరా పేటలో సాంచాల చప్పుడు ఆగదు. కరెంటుతో నడిచే మగ్గాన్ని మేం సాంచా అంటాం. మా బాపు పరుశురాం పెళ్ళి కాకముందే సిరిసిల్ల నుంచి వచ్చి, ముప్పై రెండేళ్ళుగా ఈ సాంచాల మధ్యే ఉన్నాడు. మొదట్లో నాలుగు చూసేవాడట, ఇప్పుడు పన్నెండు చూస్తున్నాడు. ఒకదాంట్లో పోగు తెగుతుంది, పోయి అతకాలి. ఇంకోదాంట్లో దారం కండె అయిపోతుంది, పోయి మార్చాలి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా అదే తిరుగుడు. కాలికి బలపం కట్టుకుని తిరిగేవాళ్ళు నాలుగు ఊళ్ళయినా చూస్తారు. మా బాపు రెండు వరుసల మధ్య ఉన్న ఒకే సందులో తిరిగాడు.

నా సంగతి దానికి పూర్తిగా తలకిందులుగా ఉండేది. ఆ ఏడు జూన్‌లో నాకు హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం దొరికింది, ఇంటి నుంచే చేసేది. ఆన్‌లైన్‌లో చీరలు కొన్నవాళ్ళు ఫిర్యాదు రాస్తే తెలుగులోనో హిందీలోనో గుజరాతీలోనో జవాబు టైపు చేయాలి. బాపు నేసిన గుడ్డ ఏ ఊళ్ళోనో రంగు వెలిస్తే, సారీ చెప్పే పని నాదన్నమాట. అమ్మ కుట్టుమిషను బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని తొమ్మిదింటికి కూర్చుంటే ఆరింటి దాకా లేచేదాన్ని కాదు. లేవొద్దని ఎవరూ అనలేదు. సాంచా నడుస్తుండగా పక్కకు పోకూడదన్నది మా ఇంట్లో పుట్టుకతో వచ్చే బుద్ధి. తెర మీద మూడు కిటికీల్లో మూడు ఫిర్యాదులు మిణుకుమంటుంటే నీళ్ళు తాగడానికి లేచినా తప్పు చేసినట్టు ఉండేది.

"కడుపుల సల్ల కదలకుంట కూసునే నౌకరీ మా జమునది," అని బాపు గల్లీ అంతా చెప్పుకునేవాడు. "నా తిప్పలు దానికి రాలే."

తిప్పలు ఇంకో దారిలో వచ్చాయి. ఆగస్టు నాటికి నడుము పట్టేసి, సాయంత్రం కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సి వచ్చేది. ఇరవై నాలుగేళ్ళకే ఇదేం నడుమని నాకే సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. కంపెనీలో నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారేమో, ఇంటి నుంచి పనిచేసే అందరికీ చేతికి కట్టుకునే పట్టీ ఒకటి పార్సిల్‌లో పంపారు. దానికి తోడు ఫోన్‌లో ఒక ఏఐ కోచ్. పట్టీ మన కదలికలు చూస్తుంది, కోచ్ మనతో మాట్లాడుతుంది. ఏ భాష కావాలని అడిగితే తెలుగన్నాను.

"జమున గారూ, మీరు గంటన్నర నుంచి కూర్చునే ఉన్నారు. ఒక్క మూడు నిమిషాలు లేచి నడుద్దామా?"

వంటగట్టు దగ్గర నుంచి అమ్మ తొంగి చూసింది. "ఎవలే ఆమె? పంతులమ్మ లెక్క మాట్లాడుతున్నది."

ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు పంతులమ్మ. ఆమెకు ఓపిక మా బంధువులెవరికీ లేనంత. పైకి పోయి ఆరేసిన బట్టలు ఎండాయో లేదో చూసి రమ్మనేది. గుమ్మం పట్టుకుని భుజాలు సాగదీయమనేది. ఒక ఫిర్యాదుకూ ఇంకోదానికీ మధ్య గ్లాసుడు నీళ్ళు తెచ్చుకోమనేది. నేను ప్రతిసారీ "తర్వాత" నొక్కేదాన్ని. కోపం తెచ్చుకునేది కాదు, గంట కాగానే మళ్ళీ అంతే మర్యాదగా అడిగేది. ఒక్కోసారి ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండేది.

మా టీమ్‌లో ఎనిమిది మందిమి. దీపావళి దాకా ఒక పోటీ. అందరూ రోజూ కదలాల్సినంత కదిలితే ఆ వారం టీమ్‌కు పచ్చ రంగు, ఒక్కరు కదలకపోయినా ఎరుపు. రెండు వారాలు ఎరుపే వచ్చింది, నా ఒక్కదాని వల్లే. టీమ్ లీడర్ వీణ ఫోన్ చేసింది.

"జమునా, తిట్టడానికి చేయలేదు. రోజుకు ఆరుసార్లు లేస్తే చాలు. ఆ కాసేపు నీ ఫిర్యాదులు నేను వేరేవాళ్ళకు పంపుతాను. నీ నడుము నీకు ముఖ్యం కాదా?"

మంచికే చెప్పింది. నా చెవికి మాత్రం వేరేగా వినిపించింది. నవంబరులో నన్ను పర్మనెంట్ చేయాలా వద్దా అని రాసేది ఆమే. ఫోన్ పెట్టేసరికి నా మొహం చూసి అమ్మ ఏమైందని అడిగింది. బాపు అప్పుడే వచ్చి అన్నానికి కూర్చున్నాడు. జరిగింది చెప్పాను.

మా అమ్మ లలితమ్మ ఏదీ వృథా పోనివ్వదు. బియ్యం కడిగిన నీళ్ళు తులసి కుండీకి, కార్ఖానాలో మిగిలిన గుడ్డ పీలికలు దిండులోకి. రెండు నిమిషాలు ఆలోచించి తేల్చేసింది.

"మీ బాపు దినమంత తిరుగుడే గద. ఆ అడుగులన్ని ఊకెనే పోతున్నయి. ఆ పట్టీ ఆయన చేతికి కట్టు."

"నా అడుగులు దానికి పనికొస్తయా?" అన్నాడు బాపు.

"అడుగు అడుగే. ఎవలిదైతే ఏంది?"

తప్పని నాకు తెలుసు. తెలిసే కట్టాను. బాపు మణికట్టు మీద దూది దుమ్ము తుడిచి, పట్టీని ఆఖరి రంధ్రం దాకా వదులు చేసి మరీ కట్టాను.

మర్నాడు సాయంత్రం బాపు ఇంటికి రాగానే పట్టీలోని లెక్కంతా ఫోన్‌లోకి ఎక్కింది. ఇరవై రెండు వేల నాలుగు వందల అరవై. నేను పైకి చదివితే ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముప్పై రెండేళ్ళుగా తిరుగుతున్న మనిషి ఎంత తిరుగుతున్నాడో మాకు తెలిసిన మొదటి రోజు అదే.

ఇక అక్కడి నుంచి బాపుకు అదొక పండగైంది. గడపలో చెప్పులు విడుస్తూనే అడిగేవాడు. "ఇయ్యాల ఎన్నొచ్చినయే?"

"ఇరవై మూడు వేలు బాపు."

"అస్తయి మరి. చాయ్ గూడ నిలవడే తాగిన."

నేను నవ్వేదాన్ని. ఆ మాట ఎందుకంటున్నాడో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నా ఉద్యోగానికి తన కాళ్ళు పనికొస్తున్నాయన్న సంతోషం ఆయన మొహంలో కొట్టొచ్చినట్టు కనిపించేది. పదో తరగతి నుంచి నా చదువులో ఆయన చేయగలిగింది ఏమీ లేక బయట అరుగు మీద కూర్చునేవాడు. ఇన్నాళ్ళకు నా పుస్తకంలో ఆయనకు కూడా రాయడానికి ఒక గీత దొరికింది.

టీమ్ పచ్చబడింది. అంతటితో ఆగలేదు, కంపెనీ మొత్తంలో నేను ఫస్టు. సోమవారం మీటింగులో వీణ అందరి ముందూ మెచ్చుకుని, "పని ఆపకుండా ఇంత నడక ఎలా కుదిరింది, మాకూ చెప్పు" అంది. దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. "అంతా మా నాన్నగారి పుణ్యం" అన్నాను. అందులో అబద్ధం లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

పంతులమ్మ తీరు కూడా మారింది. రెండో వారంలో ఒక సాయంత్రం ఇలా పంపింది.

"జమున గారూ, మిమ్మల్ని లేవమని చెప్పాల్సిన పని నాకిక లేదు. నిన్న పదకొండు గంటల్లో మీరు పట్టుమని పది నిమిషాలు ఒకచోట ఆగలేదు. రేపటి నుంచి గంటకోసారి కాసేపు కూర్చోండి. కాళ్ళకు కూడా విశ్రాంతి కావాలి."

నాకు నవ్వాగలేదు. అన్నం తింటున్న బాపుకు చదివి వినిపించాను. ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది.

"మల్ల సదువు."

మళ్ళీ చదివాను.

"కూసోమన్నదా?"

"ఆ బాపు, కూసోమన్నది."

ఫోన్ వంక కాసేపు చూశాడు. "మంచిదే పంతులమ్మ," అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అమ్మ చారు పోసింది.

ఆ తర్వాత పంతులమ్మ ప్రశ్నలు మొదలుపెట్టింది. కాళ్ళలో నొప్పి ఉందా అంటూ, "ఉంది", "లేదు" రెండింట్లో ఒకటి నొక్కమంది. నా కాళ్ళకేం రోగం? "లేదు" నొక్కాను. నాలుగు రోజుల తర్వాత, వాపు ఏమైనా కనిపిస్తోందా అంది. "లేదు." దసరాకు ముందు మూడోసారి అడిగితే చూడకుండానే నొక్కేశాను. ఫిర్యాదులకు జవాబు టైపు చేసి చేసి వేళ్ళు వాటంతటవే పోతాయి.

బతుకమ్మ ఆడి వచ్చిన మర్నాడు, సాయంత్రం బాపు స్నానానికి వెళ్ళాడు. నేను కుర్చీలోనే ఉన్నాను. ఫోన్‌లో పొడుగాటి మాట వచ్చింది.

"జమున గారూ, మూడుసార్లు లేదన్నారు, సంతోషం. కానీ మీ నడక వేరే చెబుతోంది. రెండు వారాలుగా మధ్యాహ్నం రెండు దాటాక మీ వేగం దాదాపు సగానికి పడిపోతోంది. ఒక్కసారి చీలమండల దగ్గర మీరే చూసుకోండి. చర్మం నల్లబడటం, మానని పుండు లాంటిది ఏమైనా ఉందా?"

వంగి నా కాళ్ళు చూసుకున్నాను. పండక్కి పెట్టుకున్న గోరింటాకు ఎర్రగా పండి ఉంది. వేలు "లేదు" మీదికి పోయింది.

అక్కడే ఆగిపోయింది.

బాత్‌రూంలో చెంబు చప్పుడు వినిపిస్తోంది. ఇంటికి రాగానే లుంగీ కట్టుకునే మనిషి నెల రోజులుగా పైజామాలో ఎందుకుంటున్నాడో నేను అడగలేదు. స్నానానికి పోయి రోజూ అంతసేపు ఏం చేస్తున్నాడో అడగలేదు. తువ్వాలు భుజాన వేసుకుని బాపు బయటికొచ్చాడు, అదే పైజామాలో.

"బాపు, జర కాళ్ళు సూపియ్యి."

"ఎందుకే?"

"పంతులమ్మ అడుగుతున్నది."

అమ్మ అడిగి ఉంటే కసిరేవాడు. నేనడిగితే నవ్వి తప్పించుకునేవాడు. ఆ పేరు వినేసరికి నా చేతిలోని ఫోన్‌కేసి చూశాడు. "ఆమెకెట్ల తెలిసింది?"

మంచం పట్టె మీద కూర్చుని, తనే ఎడమ కాలి పైజామా మోకాలి దాకా మడిచాడు. పిక్క మీద నరాలు చిక్కుపడ్డ దారంలా ఉబ్బి ఉన్నాయి. చీలమండ పైన చర్మం నల్లగా కమిలింది. అక్కడ చీర అంచు పీలికతో కట్టు కట్టుకున్నాడు, పసుపుతో తడిసి ఉంది. విప్పితే లోపల రూపాయి బిళ్ళంత పుండు.

అమ్మ అక్కడే నేల మీద కూలబడింది. "ఎన్నొద్దులాయె?"

"రాఖీ కాంచి."

"మరి చెప్పవా?"

"సీజన్ల చెప్పి ఏం చేస్తరు? సాంచాలు ఇంకోనికిస్తరు." కట్టు మళ్ళీ చుట్టుకోబోతూ నా వైపు చూశాడు. "దీపావళి అయినంక చూపిచ్చుకుందమనుకున్న. అందాక నీ నౌకరీ పక్కా అయితదని."

"నొస్తుంటే మరి నిలవడి చాయ్ ఎందుకు తాగినవ్ బాపు?"

"ఫస్టు వచ్చినవంటివి గద బిడ్డా."

నేను ఏడ్చాను. చిన్నపిల్లలా వెక్కి వెక్కి, ఆయన మోకాలి మీద తల పెట్టి ఏడ్చాను. ఆ నెలలో ఆయన వేసిన ప్రతి అడుగూ నా పేరు మీద పడి ఉంది, ఒక్కటి కూడా వెనక్కి ఇవ్వలేను. బాపు నా తల మీద చేయి వేసి, ఏం గాదు, ఏం గాదు అంటూ ఉన్నాడు.

కళ్ళు తుడుచుకుని పంతులమ్మకు నిజం టైపు చేశాను. "ఈ పట్టీ నా చేతికి లేదు. నెల నుంచి మా బాపు చేతికి ఉంది. ఆయన సాంచాలు నడుపుతాడు. ఎడమ కాలికి రెండు నెలలుగా మానని పుండు ఉంది."

జవాబు వెంటనే వచ్చింది. "చెప్పినందుకు ధన్యవాదాలు. ముందు నాన్నగారి సంగతి చూద్దాం. అది ఏమిటో నేను చూడలేను, తేల్చి చెప్పలేను. కానీ రెండు నెలలుగా మానని పుండును రేపే డాక్టరుకు చూపించాలి. ఈ రాత్రి కాలిని దిండ్ల మీద ఎత్తుగా పెట్టి పడుకోమనండి. జ్వరం వచ్చినా, పిక్క హఠాత్తుగా వాచినా, ఆయాసం వచ్చినా తెల్లారే దాకా ఆగొద్దు." కాస్త కిందికి ఇంకొక మాట. "ఆ అడుగులు మీ పేరు మీద ఉండకూడదు. వీణ గారికి మీరే చెబుతారా?"

చెబుతానని రాశాను. దిండ్లన్నీ తెచ్చి బాపు కాలి కింద పెట్టాం. అందులో అమ్మ పీలికలతో కుట్టిన దిండు కూడా ఉంది.

పొద్దున ఆస్పత్రికి బయల్దేరే ముందే వీణకు ఫోన్ చేశాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను, చప్పట్ల సంగతితో సహా.

"ఇది నేను పైకి రాయాలి, తప్పదు," అంది వీణ. "నువ్వు పర్మనెంట్ కావడం మూడు నెలలు వెనక్కి పోతుంది. టీమ్‌కు కూడా నువ్వే చెప్పాలి."

"చెబుతాను మేడం."

"నీ చేతికి కొత్త పట్టీ పంపిస్తాను. ఇప్పుడున్నది నాన్నగారి దగ్గరే ఉంచు. ఇంట్లోవాళ్ళు ఒకరిని కూడా చేర్చుకోవచ్చు, ఆయన పేరుతోనే చేర్చు, ఎలాగో నేను చూపిస్తాను. ఇవాళ సెలవు పెట్టుకో, వెళ్ళు."

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. సోమవారం టీమ్‌కు చెప్పినప్పుడూ అంతే. చెప్పడం అయిపోయాక ఎవరో ఒకరు నిష్ఠూరమాడతారని కాచుకుని ఉన్నాను. విశాఖపట్నం నుంచి పనిచేసే రాఘవ గొంతు సవరించుకుని, "ఇప్పుడు నాన్నగారికి ఎలా ఉంది?" అన్నాడు. వాళ్ళ పచ్చ రంగు పోగొట్టినదాన్ని నేను. వాళ్ళ రుణం నేనెప్పటికీ తీర్చుకోలేను.

వీణకు ఫోన్ చేసిన రోజే పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ కాలు అటూ ఇటూ తిప్పి చూసి, ఏం పని చేస్తావని ఒక్కటే అడిగింది. సాంచాలు అనగానే తల ఊపింది. కాలి నరాల్లో రక్తం పైకి పోకుండా కిందే నిలిచిపోతోందట, గంటలకొద్దీ కాళ్ళ మీదే ఉండేవాళ్ళకు వస్తుందట.

"ఇంకో రెండు నెలలు ఇలాగే తిరిగి ఉంటే పుండు ఎముక దాకా పోయేది. అప్పుడు కాలు ఉంటుందో లేదో నేను కూడా చెప్పలేకపోయేదాన్ని," అంది హిందీలో.

అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ బాపుకు బిగుతు కట్టు కట్టించి, దీపావళికి కార్ఖానాలు మూసినప్పుడు ఆపరేషన్ చేయించుకోమంది. అందాక పని మానేయడం మంచిదంది. మానలేనంటే, గంటకు పది నిమిషాలు కూర్చుని కాలు పైకి పెట్టి తీరాలంది. బాపు మానలేనన్నాడు. సీజన్‌లో వదిలిన సాంచాలు మళ్ళీ చేతికి రావు. నేనూ అమ్మా ఎంత పోరినా అంతకంటే దిగిరాలేదు.

సమస్య ఎక్కడ వచ్చిందంటే, కార్ఖానాలో కూర్చునే జాగా లేదు. ముప్పై రెండేళ్ళలో ఎవరూ కూర్చోలేదు కాబట్టి ఎవరూ పెట్టలేదు. పక్క వరుస సాంచాలు చూసే కమలాకర్ కాకాతో బాపు మొహమాటపడుతూ చెప్పాడట. కాకా మొదట నవ్వాడట, కట్టు చూశాక నవ్వు పోయింది. "గా పది నిమిషాలు నీ పోగులు నేనతుకుత. నువ్వు కూసో," అన్నాడు. కండెల డబ్బాలు రెండు బోర్లించి, ఒకటి కూర్చోవడానికి, ఒకటి కాలికి వేశాడు.

నాకు నమ్మకం కుదరలేదు. మా బాపు సంగతి నాకు తెలుసు, ఎవరూ చూడకపోతే లేచిపోతాడు. కొత్త పట్టీ నా చేతికి వచ్చాక పంతులమ్మ సున్నా నుంచి మొదలుపెట్టి, నాలుగింటికి పది నిమిషాలు నడవమంది. ఈసారి "తర్వాత" నొక్కలేదు. ఇంటి నుంచి కార్ఖానా నాలుగు నిమిషాలు. వెళ్ళి తలుపులోంచి చూసేదాన్ని, బాపు డబ్బా మీద కూర్చుని ఉంటే చేయి ఊపి వెనక్కి వచ్చేసేదాన్ని. నా నడక అంతా ఆయన కూర్చున్నాడో లేదో చూడటానికే సరిపోయింది. నా నడుము నొప్పి ఏ రోజు పోయిందో కూడా నేను గమనించలేదు.

ఒకరోజు నేను తలుపులో ఉండగానే కార్ఖానా యజమాని శేఠ్ వచ్చాడు. కాంతిభాయ్ శేఠ్ చెడ్డవాడు కాదు. సాంచాలు తప్ప వేరే ఏదీ కంటికి ఆనని మనిషి. బాపును ఆ భంగిమలో చూసి ఆగిపోయాడు. "బేసవానో పగార్ ఆపుఁ ఛుఁ?" అన్నాడు. కూర్చోవడానికా నేను జీతమిచ్చేది అని.

బాపు లేవబోయాడు. కమలాకర్ కాకా ఆయన భుజం మీద చేయి వేసి ఆపి, పోగు అతుకుతూనే శేఠ్‌కు జవాబిచ్చాడు. "శేఠ్, పగార్ మీటర్ కా హై. పైర్ కా నహీ."

జీతం నేసిన మీటర్లకు గానీ కాళ్ళకు కాదని. మీటర్లు ఏమీ తగ్గలేదు మరి. శేఠ్ ఆ కట్టు వంక, పక్కన ఆగకుండా నడుస్తున్న పన్నెండు సాంచాల వంక చూసి వెళ్ళిపోయాడు. మర్నాటికి ఆఫీసు గదిలోని చేయి విరిగిన కుర్చీ ఒకటి ఆ మూలకు వచ్చి ఉంది. ఎవరు పంపారో ఎవరూ చెప్పలేదు. ఎవరైనా సరే, వాళ్ళు చల్లగా ఉండాలి.

దీపావళికి కార్ఖానాలు మూశారు. ఏటా ఆ సెలవుల్లో మేం సిరిసిల్ల రైలెక్కేవాళ్ళం, ఈసారి ఆస్పత్రి బస్సెక్కాం. ఆపరేషన్ గంటన్నర. బయట బల్ల మీద కూర్చోలేక నేను వరండాలో అటూ ఇటూ తిరిగాను. ఎన్ని అడుగులయ్యాయో చూడలేదు. పుండు మానుతోంది, కాలికి భయం లేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆమె గుజరాతీలో ఏదో అంటూ చేతులు లాక్కోబోయింది, అమ్మ వదల్లేదు.

ఇంటికి వచ్చిన మూడో రోజు సాయంత్రం బాపును చూడటానికి కార్ఖానావాళ్ళు వచ్చారు. ఊరికి పోనివాళ్ళు ఏడుగురు, కమలాకర్ కాకాతో కలిపి. నాకు పని ఇంకా అయిపోలేదు, కుర్చీలోనే ఉన్నాను. బాపు మంచం మీద కాలు దిండ్ల మీద పెట్టుకుని ఉన్నాడు. వాళ్ళు తెచ్చిన అరటిపళ్ళు అమ్మ తీసుకుంది. ఒకే మంచం, ఒకే కుర్చీ ఉన్న ఇల్లు, కాబట్టి ఏడుగురూ నేల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. గిరాకీ గురించి, సూరత్ శివారులోని సచిన్‌లో కొత్తగా పెట్టిన సాంచాల గురించి, ఊరి గురించి మాట్లాడారు. చాయ్ అయిపోయింది. లేచే టైమైంది, ఎవరూ లేవలేదు.

కమలాకర్ కాకా గోడ వైపు చూస్తూ అన్నాడు. "జమునా, గా పంతులమ్మ మీ బాపునేనా, వేరేటోళ్లను గూడ అడుగుతదా?"

"ఏం కాకా?"

ఆయన ప్యాంటు అంచు కొద్దిగా పైకి లాగాడు. అదే నలుపు, అక్కడే. పుండు మాత్రం ఇంకా పడలేదు. ఆయన పక్కనున్న పరమేశ్వర్ అన్న రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా చూపించాడు, ఉబ్బిన నరాలు. ఆ పక్కన కూర్చున్న పెద్దాయన బ్రహ్మచారి మామ సిగ్గుపడి అమ్మను చూశాడు. ఆయన పైజామా కింద చీర అంచు పీలిక కనబడుతోంది.

"సిగ్గేంది?" అన్నాడు బాపు మంచం మీంచి. "చూపియ్యుండ్రి. చూపియ్యకనే నేను ఈడి దాక తెచ్చుకున్న."

ఎవరూ కదల్లేదు. అంత చిన్న గదిలో కాళ్ళు చాపితే ఎదుటివాళ్ళకు తగులుతాయి, ఒకరింటికి పోయి మనుషుల వైపు కాళ్ళు చాపడం మావాళ్ళలో తప్పు. అమ్మ చాయ్ గ్లాసులు తీసేసి, మధ్యలో చోటు చేసింది.

"కాళ్ళు చాపుండ్రి. ఏం గాదు," అంది.

ముందు కాకా చాపాడు. తర్వాత ఒక్కొక్కరుగా అందరూ చాపారు, గోడకు ఆనుకుని, బరువు దించుకున్నట్టు. బ్రహ్మచారి మామ కళ్ళు మూసుకున్నాడు. పద్నాలుగు కాళ్ళు పరుచుకునేసరికి కుర్చీకి చోటు లేకపోయింది. కుర్చీ తీసి బయట పెట్టి, లాప్‌టాప్ మూసి, ఫోన్ తీసుకుని, పంతులమ్మకు చెప్పి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోవడానికి, నిలబడే ఒక్కొక్కరి పేరూ అడిగి రాసుకోవడం మొదలుపెట్టాను.